కుండకు రెండు చేతులు



ఈసారి నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాను. కుమ్మరి, మట్టి అనే అంశం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో నాకే లెక్క లేదు. చెప్పింది మాత్రం ప్రతిసారీ ఒకటే. సారె తిరుగుతుంది, కుమ్మరి వేళ్లు తగులుతాయి, మట్టిముద్ద కుండ అవుతుంది. చేతులతో గాలిలో సారె తిప్పి చూపించేవాణ్ణి కూడా. ఒక ఎండాకాలం శింగనమల దగ్గరి ఒక పల్లెలో గృహకూటం ముగించుకొని బయటికి వస్తుంటే, వీధి చివర ఉండే కుమ్మరి పెద్దాయన అరుగు మీద నుంచి కేకేశాడు. ఆయన మా కూటాలకు వచ్చే మనిషి కాదు. మైకులో వినబడింది విన్నాడు, అంతే.

"పాస్టరయ్యా, నువ్వు ఎప్పుడన్నా కుండ చేసేది చూసినావా?"

"చిన్నప్పుడు చూసినాను తాతా."

"చూసింటే అట్ల చెప్పవు. సారె మీద అయ్యేది సగం కుండే. మిగిలిన సగం ఎవురు చేస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాను. అక్కడ చూసిందీ, దాని వెనుక ఉన్న చరిత్ర గురించి చదువుకున్నదీ ఈ వారం మీతో పంచుకుంటాను.

పని చెరువు నుంచి మొదలవుతుంది. మన శింగనమల చెరువు సంగతి మీకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. చెరువు నిండిన సంవత్సరం కంటే నిండని సంవత్సరాలే ఎక్కువ. రైతుకు నిండిన చెరువు కావాలి. కుమ్మరికి మాత్రం అడుగు తేలిన చెరువు కావాలి, ఎందుకంటే ఆయనకు కావలసిన బంకమట్టి ఆ అడుగునే ఉంటుంది. ఎన్నో ఏళ్ల వాననీళ్లు మోసుకొచ్చి నెమ్మదిగా దించిపోయిన సన్నటి ఒండ్రు అది. మరి చెరువు ఎండితే కుమ్మరికి మేలేనా అంటే అదీ కాదు. పంట రాని ఏడు కుండ కొనేవాడు ఉండడు. మట్టి దొరికిన ఏడు గిరాకీ లేదు, గిరాకీ ఉన్న ఏడు మట్టి నీళ్లలో ఉంటుంది. అందుకే ఆయన ఎండాకాలంలోనే రెండేళ్లకు సరిపడా మట్టి తెచ్చి ఇంటి వెనక కుప్ప పోసుకుంటాడు.

తెచ్చిన మట్టిని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లూ వేర్లూ ఏరి, జల్లెడ పడతారు. గుంటలో నానబెడతారు. నానాక సన్నటి ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కుతారు. ఇసుక ఎందుకని అడిగాను. "వట్టి బంకమట్టి అయితే ఎండేటప్పుడే నెర్రె ఇస్తాది, పొయ్యి మీద పెడితే పగుల్తాది" అన్నాడు. మట్టిలో కలిసిన ఇసుక రేణువులు తడి బయటికి పోవడానికి దారి ఇస్తాయి. మంట తగిలినప్పుడు పుట్టే సన్నటి పగుళ్లు పాకకుండా ఆపుతాయి. నీళ్ల కుండకు ఒక పాళ్లు, సంగటి వండే కుండకు ఇంకొక పాళ్లు. ఈ కొలతలు ఎక్కడా రాసి లేవు. ఆయన కాలికి తెలుసు.

ఈ తొక్కడం, జల్లించడం ఆ ఇంట్లో ఎక్కువగా చేసేది పెద్దాయన భార్య. సారె దగ్గర ఆమె కూర్చోవడం నేను చూడలేదు. కానీ ఆమె చెయ్యి పడని కుండ ఆ ఇంట్లో లేదు.

ఇక సారె. బరువైన చక్రం, మధ్యలో ఇరుసు. అంచున ఉన్న గుంటలో కర్ర పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే తన బరువుతో తానే కాసేపు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే కుండ మూతి, మెడ, భుజం లేస్తాయి. తర్వాత దారంతో కోసి దించేస్తాడు. దించినప్పుడు చూస్తే అది కుండలా ఉండదు. గోడ మందంగా, అడుగు సరిగా మూసుకోకుండా, పొట్టిగా ఉంటుంది. నీడలో పెట్టి సగం ఆరనిస్తారు. ఇక్కడే నా ప్రసంగం ఎప్పుడూ ఆగిపోయేది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

సగం ఆరిన ఆ ముద్దను పెద్దాయన ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో నున్నటి గుండ్రాయి ఒకటి పట్టుకొని కుండ లోపల పెట్టాడు. కుడి చేత్తో చెక్కబద్ద తీసుకొని, లోపల రాయి ఉన్న చోటనే బయట నుంచి తట్టడం మొదలుపెట్టాడు. తట్టుతూ తిప్పుతూ, తిప్పుతూ తట్టుతూ, గంటసేపు. గోడ పలచబడింది, పొట్ట పెరిగింది, అడుగు గుండ్రంగా మూసుకుంది. గుండ్రటి అడుగు ఎందుకంటే మూడు రాళ్ల పొయ్యి మీద అది కుదురుగా కూర్చుంటుంది, మంట అన్ని వైపులా సమంగా తగులుతుంది, పగులు పట్టడానికి మూల అంటూ ఉండదు. సారె అటువంటి అడుగును ఇవ్వలేదు. ఆ రెండు చేతులే ఇవ్వగలవు.

"లోపల చెయ్యి లేకుండా బయట కొడితే పగుల్తాది పాస్టరయ్యా. కొట్టకుండా లోపల చెయ్యి పెట్టుకోని కూసుంటే అది కుండే కాదు" అన్నాడు ఆయన.

నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్న ప్రసంగాన్ని ఆయన రెండు మాటల్లో సరిదిద్దాడు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ పని మన నేల మీద ఎంత పాతది? మన జిల్లాలోనే కల్యాణదుర్గం వైపు పాలవాయి అనే ఊరుంది. అక్కడ నవీన శిలాయుగం నాటి జనావాసాన్ని తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి తవ్వి పరిశీలించారు. ఆయన పుస్తకం 1976లో వచ్చింది. రాయదుర్గం దాటి కర్ణాటకలో అడుగు పెడితే మొలకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి ఉంది, అశోకుడి శాసనం ఉన్న చోటు. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకం జరిపాడు. పొరలు పొరలుగా మూడు కాలాలు బయటపడ్డాయి. అన్నిటికంటే అడుగున రాతి గొడ్డళ్ల మనుషులు. వాళ్ల కుండలు ఎక్కువగా చేత్తోనే చేసిన ముతక బూడిదరంగు కుండలు. దాని పైన పెద్ద రాతి సమాధులు కట్టిన వాళ్లు. వాళ్ల దగ్గర నెమ్మదిగా తిరిగే చక్రం కనబడింది. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే కుండలు వాళ్లవే. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. అన్నిటికంటే పైన సాతవాహనుల కాలం నాటి పొర. అందులో వేగంగా తిరిగే సారె మీద చేసిన కుండలు.

అంటే చెయ్యి ముందు, చక్రం తర్వాత. నా ప్రసంగంలో మాత్రం చక్రం ఒక్కటే ఉండేది.

ఇంకొక సంగతి గమనించండి. బ్రహ్మగిరి పొరలకు తేదీలు ఎలా కట్టారు? అంతకు రెండేళ్ల ముందు, 1945లో, వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వాడు. అక్కడ ఇటలీ నుంచి ఓడల్లో వచ్చిన ఎర్రటి పాత్రల పెంకులు దొరికాయి. వాటి కాలం రోము చరిత్ర వల్ల ముందే తెలుసు. వాటితోపాటు దొరికిన చుక్కల గీతల పళ్లెం పెంకుల్లాంటివే బ్రహ్మగిరి పై పొరలోనూ దొరికాయి. ఆ పెంకుల సాయంతోనే దక్షిణ దేశపు ప్రాచీన చరిత్రకు ఒక కాలక్రమం ఏర్పడింది. రాజుల పేర్లు రాయని చోట కూడా ఎవరో పారేసిన ఓటి కుండ పెంకు సాక్ష్యం చెప్పింది.

యిర్మీయా ప్రవక్త కాలంలోనూ ఇదే జరిగింది. 1935లో లాకీషు పట్టణపు శిథిలాల్లో సిరాతో రాసిన పెంకులు దొరికాయి. యూదా రాజ్యం కూలిపోయే ముందటి రోజుల్లో ఒక కావలి అధికారి పంపిన ఉత్తరాలు అవి. కాగితం దొరకని చోట పగిలిన కుండే కాగితం అయింది. యిర్మీయా గ్రంథం చివరిదాకా నిలిచిన కోటల్లో ఒకటిగా పేరు చెప్పిన ఊరే లాకీషు.

మన వైపు కుమ్మరి చరిత్ర పెంకుల్లోనే కాదు, కళ్లాల్లో కూడా ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. 1806లో ఆయన పంపిన నివేదికలో మన ఊళ్ల గురించి రాస్తూ, పన్నెండుమంది ఆయగాండ్రతో ప్రతి ఊరూ తన పని తాను చేసుకునే ఒక చిన్న రాజ్యంలాంటిది అన్న అర్థంలో చెప్పాడు. ఆయగాండ్లంటే వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, నీరుగంటి ఇలా. కుమ్మరికి డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. ఏడాది పొడవునా ఊరికి కావలసిన కుండలు ఆయన ఇవ్వాలి. పంట నూర్చినప్పుడు ప్రతి కళ్లంలోనూ ఆయన వాటా ఆయనకు కొలవాలి. దానితోపాటు కుమ్మరి మాన్యం అని కొంచెం నేల.

ఇందులో మంచి ఉంది, చెడ్డా ఉంది. మంచి ఏమిటంటే కుండ అమ్ముడుపోతుందా లేదా అన్న భయం లేదు. చెడ్డ ఏమిటంటే కళ్లం నిండకపోతే ఆయన వాటా కూడా లేదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు తలచుకోండి. అప్పటికి మన జిల్లా ఇంకా బళ్లారిలోనే ఉంది, 1882లో గాని వేరు కాలేదు. గింజ లేని ఊళ్లో వండుకునే కుండతో ఎవరికి పని? తర్వాత 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. మాన్యం అన్న మాట పాతబడుతూ వచ్చింది. ఆ వెనకే అల్యూమినియం గిన్నె, ఆ తర్వాత ప్లాస్టిక్ బిందె వచ్చాయి. కళ్లంలో కుమ్మరి వాటా కొలిచే అలవాటు చాలా ఊళ్లలో ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట చెప్పాలి. కుండ గురించి రాసి ఇది రాయకపోతే అబద్ధం అవుతుంది.

మా అవ్వ చెప్పేది. కుండ కొనేటప్పుడు వేళ్లతో తట్టి చూస్తారు కదా. ఖంగుమంటే మంచి కుండ, బొద్దుగా మోగితే ఓటి కుండ. మా వాళ్లను తట్టి చూడనిచ్చేవాళ్లు కాదట. కుండను దూరంగా నేల మీద పెడితే తీసుకోవాలి. ఒకసారి చెయ్యి తగిలితే అది మాదే. ఇంటికి తెచ్చి నీళ్లు పోస్తే కారినా సరే తిరిగి ఇవ్వడానికి లేదు. రాగి చెంబు అంటుపడితే చింతపండు పెట్టి తోముకుంటారు. మట్టికుండ అంటుపడితే పగలగొట్టడమే. అదే కళ్లంలో మా తాతలు కూడా వాటా కొలిపించుకున్నారు, ఆయనా కొలిపించుకున్నాడు. ఒకే చెరువు మట్టిని ఇద్దరూ మోశారు. అయినా ఆ కుండకూ మా వేళ్లకూ మధ్య అంత దూరం.

మట్టి పాత్ర విషయంలో లేవీయకాండంలోనూ ఇలాంటి నియమమే ఉంది. అపవిత్రమైనది పడిన మట్టి పాత్రను పగలగొట్టాలి, చెక్కదైతే నీళ్లతో కడిగితే చాలు. మట్టి పీల్చుకుంటుంది, కడిగితే పోదు అన్నది ఆ ఆలోచన. ఆ నియమం పాత్రలకు పెట్టింది. మనుషులను కడిగినా పోని అంటు ఉన్నవాళ్లుగా లెక్కగట్టడానికి పెట్టింది కాదు. పౌలు తనను, తన తోటివాళ్లను మంటి ఘటాలతో పోల్చుకున్నాడంటే, లోకం పగలగొట్టి పారేసే దానిలోనే దేవుడు తన ఐశ్వర్యం దాచాడని చెప్పుకున్నాడు. ఇత్తడి అని చెప్పుకోలేదు.

మట్టి పీల్చుకుంటుంది అన్నది మాత్రం నిజం. నీళ్ల కుండ చల్లగా ఉండేది అందుకే. కుండ గోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా నీళ్లు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతాయి. ఏ గుణం వల్ల అది అంటుపడుతుందని భయపడ్డారో, ఆ గుణం వల్లే అది దాహం తీరుస్తుంది.

పెద్దాయన ఆము పేర్చిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. తట్టిన కుండలకు జాజు పూసి, నున్నగా రుద్ది, బాగా ఎండబెట్టాక ఒకదాని మీద ఒకటి పేర్చారు. మధ్యలో పిడకలు, కట్టెలు, శెనక్కాయ పొట్టు. పైన గడ్డి, దాని మీద మట్టి మెత్తారు. ముందు సన్నగా పొగపెడతారు. తొందరపడి మంట పెంచితే లోపల మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరై కుండ చిట్లుతుంది. మెల్లగా వేడెక్కి దాదాపు 600 డిగ్రీలు దాటాక మట్టిలో ఒక మార్పు వస్తుంది. దాని అణువుల్లో కలిసిపోయి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. ఇక ఆ మట్టిని ఎన్నాళ్లు నానబెట్టినా మళ్లీ బురద కాదు.

ఇది చూశాక యిర్మీయా గ్రంథంలో 18, 19 అధ్యాయాలు నాకు కొత్తగా అర్థమయ్యాయి. 18వ అధ్యాయంలో ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్తాడు. సారె మీద పాత్ర చెడిపోతుంది, కుమ్మరి అదే మట్టితో ఇంకొకటి చేస్తాడు. 19వ అధ్యాయంలో అదే ప్రవక్త కాల్చిన కూజా ఒకటి కొని పెద్దల కళ్ల ముందు పగలగొడతాడు. దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరని చెబుతాడు. నేను రెండింటినీ విడివిడిగా ప్రసంగించాను. కుమ్మరి ఇంట్లో కూర్చుంటే రెండూ ఒకటే పాఠం. పచ్చిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. కాలిపోయాక పగలడమే తప్ప మారడం లేదు. మన ఊరి అలవాట్లలో ఏవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఏవి కాలిపోయాయి? మన పిల్లల మనసుల్లో ఏది ఆరిపోకముందే మనం చెయ్యి పెట్టాలి? ఆలోచించండి.

మన పెద్దలు ఒక సామెత చెప్పేవాళ్లు: కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. ఏడాది కష్టం ఒక్క కర్రదెబ్బకు పోతుందని. కులం పేరుతో, పార్టీ పేరుతో ఊళ్లో గుదియ ఎత్తేవాళ్లు ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఈ రోజుల్లో కుండలకు మళ్లీ గౌరవం వస్తోందని పేపర్లో చదువుతుంటాం. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే చిన్న కార్ఖానా మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు దేశమంతటా సొంత స్టూడియోలు పెట్టుకున్నారు. 1300 డిగ్రీల దాకా కాల్చి గాజులాంటి పూత పూసిన కప్పులు, పళ్లేలు చేస్తారు. వాటి అడుగున చేసినవాళ్ల గుర్తు ఉంటుంది. మంచిదే. చేతిపనికి పేరు, ధర రావాలి. 2018 నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కరెంటు సారెలు కూడా ఇస్తోంది. అయితే మా పెద్దాయన కుండ అడుగున ఏ పేరూ ఉండదు. గుండ్రటి అడుగు మీద చెక్కబద్ద దెబ్బల ఆనవాళ్లు మాత్రం, వెలుతురులో వంచి చూస్తే, చిన్న చిన్న చదునులుగా కనబడతాయి. ఆయన సంతకం అదే. ఆయన కొడుకు బెంగళూరులో పని చేస్తున్నాడు. తట్టడం నేర్చుకోలేదు.

ఆము విప్పిన రోజు మందిరం గుమ్మం దగ్గర పెట్టడానికి రెండు కడవలు కావాలని అడిగాను. దారిన పోయే ఎవరైనా ముంచుకొని తాగడానికి. బేరం ఆడలేదు. ఆయన చెప్పిన ధరే ఇచ్చాను. కడవ ఎత్తబోతుంటే ఆయన ఆపాడు.

"అట్లే ఎత్తుకుపోతావేంది? తట్టి చూసుకో."

మా అవ్వ సంగతి ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తండ్రి కాలం ఆయనకు తెలుసో, గుర్తుందో నేను అడగలేదు. చెయ్యి మడిచి వేళ్ల గణుపులతో ఒకసారి తట్టాను. ఖంగుమంది. ఆయన ఇంకో కడవ నా ముందుకు జరిపి, "దీన్ని గూడా చూడు" అన్నాడు.

ఈ వేసవిలో మీ ఊళ్లో కుమ్మరి ఉంటే ఆయన దగ్గరే ఒక కుండ కొనండి. కొన్నాక గుమ్మం బయట పెట్టండి. తాగేవాళ్లు ఎవరని అడగవద్దు.